ఇంటికి తగిన పూలమొక్క

బెంగుళూరు కృష్ణరాజ మార్కెట్టులోగాని, చెన్నై కోయంబేడు పూల అంగళ్ళలోగాని కదంబం కట్టేవారి చేతులను కాసేపు గమనించాలి. వారి ముందు మూడు కుప్పలుంటాయి. ఒకటి మల్లెమొగ్గలది, ఒకటి కనకాంబరాలది, మరొకటి మరువం రెమ్మలది. నాలుగు మల్లెలు, రెండు కనకాంబరాలు, ఒక మరువం రెమ్మ చొప్పున నారతో ముడివేస్తూ పోతే చూస్తుండగానే మూరెడు మాల తయారవుతుంది. మల్లెకు పరిమళం ఉంది గాని రంగు లేదు. కనకాంబరానికి నిప్పుకణిక వంటి రంగు ఉంది గాని ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాదు. మరువం విషయంలో పువ్వుతో పనే లేదు. ఆకే ఘుమఘుమలాడుతుంది, మాలకు పచ్చదనాన్నీ ఇస్తుంది. ఒక్క పువ్వులో దొరకనిదాన్ని మూడింటితో సాధించడమే కదంబం కట్టడంలోని తెలివి.

ఇంటిముందు నాలుగు మొక్కలు పెంచుకోదలచిన వారికి కూడా కావలసింది ఈ తెలివే. నర్సరీకి వెళ్ళినవారిలో చాలామంది విరగబూసిన మొక్కను చూసి, దాని రంగుకు ముచ్చటపడి కొంటారు. ఆరు నెలలు గడిచాక ఇంటిముందు ఎరుపు, పసుపు, ఊదా రంగులు కన్నులపండువగా ఉంటాయి. సాయంత్రం అరుగుమీద చేరగిలబడిన వారికి మాత్రం ఏ పరిమళమూ అందదు. మార్చుకుందామంటే కొత్త మొక్క నిలదొక్కుకొని పూయడానికి మళ్ళీ రెండేళ్ళు పడుతుంది. చెట్టు విషయంలోనైతే పదేళ్ళు కూడా పట్టవచ్చు. చోటు తక్కువగా ఉన్న ఇంటిలో ఈ పొరపాటు చిన్నది కాదు.

పువ్వు తన రంగునుగాని, వాసననుగాని మనుషుల కోసం సిద్ధం చేసుకోదు. ఒక పువ్వులోని పుప్పొడి అదే జాతికి చెందిన మరొక పువ్వుకు చేరితే విత్తనం ఏర్పడుతుంది. ఈ పనిని పరాగసంపర్కం అంటారు. మొక్క నడవలేదు కనుక ఈ రాకపోకలకు తేనెటీగలను, సీతాకోకచిలుకలను, రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే చిమ్మటలను, చిన్న చిన్న పిట్టలను పిలుచుకోవాలి. ఆ పిలుపే రంగు. ఆ పిలుపే వాసన. రెండింటినీ తయారుచేయడానికి మొక్క తన ఆహారంలో కొంత ఖర్చుపెట్టవలసి వస్తుంది. వచ్చే అతిథి ఎవరో తెలిసిన మొక్క అనవసరమైన ఖర్చు పెట్టుకోదు.

మల్లె, జాజి, పారిజాతం, నేలసంపెంగ మొదలైనవి పొద్దువాలిన తరువాత విచ్చుకుంటాయి. చీకటిలో ఎరుపైనా నీలమైనా ఒక్కటే. అందుకే వాటికి రంగుల హంగు లేదు. మసకవెలుతురులో కాస్తయినా కనబడే తెలుపు చాలు; మిగిలిన పనంతా గాలిలో దూరం పోగల పరిమళమే చేస్తుంది. చిమ్మటలు ఆ వాసనను పట్టుకొని చీకటిలో పువ్వును చేరుకుంటాయి. మందారం సంగతి దీనికి పూర్తిగా వేరు. అది పగటి పువ్వు. దానిలోని తేనె కోసం వచ్చే తేనెపిట్ట ముఖ్యంగా రంగును చూసి వస్తుంది. తేనెటీగ కంటికి ఎరుపు ప్రత్యేకమైన రంగుగా కనబడదు. పిట్టకు అదే దూరాన్నుంచి కొట్టొచ్చినట్లు కనబడుతుంది. కనుక మందారానికి ఎరుపు చాలు, వాసనతో పనిలేదు. అడవిలో మోదుగ కూడా ఇంతే. ఆకులన్నీ రాల్చి చెట్టంతా మంట పెట్టినట్లు పూస్తుంది గాని దానికి పరిమళం లేదు.

ఈ సూత్రానికి లొంగనివి లేకపోలేదు. వాటిలో ఎంతో వింతైనది రాధామనోహరం. ఈ తీగ పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకొని రాత్రంతా తియ్యని వాసన వేస్తుంది. మరునాటికి గులాబిరంగుకు తిరుగుతుంది. ఆ తరువాత ముదురు ఎరుపవుతుంది. మొదటిరాత్రి అతిథులు చిమ్మటలు. రంగు మారిన తరువాత వచ్చేవి తేనెటీగలు, పిట్టలు. ఒకే గుత్తిలో మూడు రంగుల పూలు వేలాడుతుంటే మూడు రకాల పూలు కట్టారేమో అనిపిస్తుంది. ఒకే పువ్వు మూడు వయసులలో అలా కనబడుతుంది. చంద్రకాంత కూడా రంగు, వాసన రెండూ ఉన్న మొక్కే. పొద్దుటిపూట ముడుచుకొని ఉండి, సాయంత్రం నాలుగు గంటల వేళకు విచ్చుకుంటుంది. దీన్ని నర్సరీలో కొనవలసిన పనిలేదు. మిరియం గింజల్లాంటి దాని విత్తనాలను ఎవరి పెరట్లోనుంచైనా ఏరుకొని వచ్చి చల్లితే చాలు. ఇంత సులువుగా వచ్చే మొక్కను చాలామంది చిన్నచూపు చూడడం విచారకరం.

అలాగే తెల్లనివన్నీ వాసన వేస్తాయనుకోరాదు. చలికాలంలో పూసే కాగడా పువ్వు మల్లెలాగే ఉన్నా దానికి చెప్పుకోదగిన పరిమళం ఉండదు. మనోరంజితం దీనికి వ్యతిరేకం. దాని పువ్వు ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి కంటికి కనబడదు. ముదిరి పసుపు తిరిగేవేళకు పండిన పండువంటి వాసన వీధి మొదటికి వస్తుంది. వాసన పట్టుకొని పొద చుట్టూ తిరిగి పువ్వును వెతుక్కోవడం పిల్లలకు ఒక ఆట.

కనుక మొక్కను ఎంచుకొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఏ రంగు బాగుంటుంది?’ అన్నది కాదు. ఆ ఇంటివారు ఆ చోట ఏ వేళలో ఉంటారు అన్నది. పగలంతా పనులకు, బడులకు వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరేవారికి మధ్యాహ్నం పూచే రంగులవల్ల కలిగే సంతోషం ఆదివారాలకే పరిమితం. వారికి సాయంకాలపు తెల్లపూలు కావాలి. వీధివైపు, గేటు పక్కన, దూరంనుంచి చూసే చోట రంగుపూల మొక్కలుంచాలి. అరుగు దగ్గర, కిటికీ పక్కన, మంచాలు వేసుకొనే డాబా మీద పరిమళంగల మొక్కలుంచాలి. వేసవి సాయంత్రాలలో గాలి ఏ వైపునుంచి వీస్తుందో చూసి మొక్కను ఆ వైపున నాటితే వాసన ఇంటిలోకి వస్తుంది. ఎదురువైపున నాటితే పొరుగింటివారికి పోతుంది.

పట్టణాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. వాహనాల పొగవల్ల గాలిలో చేరే కొన్ని రసాయనాలు పూల పరిమళంలోని పదార్థాలతో కలిసి వాటిని విరిచేస్తాయి. అమెరికాలో రాత్రిపూట పూచే ఒక తెల్లపువ్వుపై జరిపిన పరిశోధన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. అలా వాసన చెడిన పూల దగ్గరకు చిమ్మటలు రావడం బాగా తగ్గిపోయిందని అందులో తేలింది. ముంబయి, బెంగుళూరు వంటి నగరాలలో రద్దీ వీధి పక్కన నాటిన మల్లె మేడపైకి పరిమళం పంపుతుందని ఆశించడం అత్యాశే. మొక్క మనిషికి దగ్గరగా ఉండాలి. దగ్గర అంటే మరీ తలాపునే కాదు. రేరాణి వాసన చాలా ఘాటుగా ఉంటుంది. పడకగది కిటికీ కింద దాన్ని నాటుకొని తలనొప్పి పడలేక కొట్టివేసినవారు ఉన్నారు.

పరిమళపు మొక్క ఒక్కటే పెట్టుకోగలిగిన ఇంటికి మల్లెను మించినది లేదు. కన్నడంలో మల్లిగె, తమిళంలోనూ ఒడియాలోనూ మల్లి, మరాఠీలో మోగరా అని దీన్ని పిలుస్తారు. మధురై ప్రాంతపు మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ ప్రాంతంలో పండినవాటిని మాత్రమే ఆ పేరుతో అమ్మడానికి చట్టరీత్యా హక్కు ఉంటుంది. మైసూరు, ఉడుపి, హడగలి మల్లెలకు కూడా అటువంటి గుర్తింపే ఉంది. నేలను, గాలిని బట్టి మల్లె తీరు మారుతుందని ప్రజలకు ముందునుంచే తెలుసు.

మల్లెను నాటినవారు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ‘పొద ఏపుగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు’ అని. దీనికి రెండే కారణాలు. మొదటిది నీడ. మల్లెకు రోజుకు కనీసం ఐదారు గంటల నేరుటెండ కావాలి. గోడచాటున, చెట్టుకింద నాటితే ఆకులే మిగులుతాయి. రెండవది కత్తిరించకపోవడం. మల్లెమొగ్గ కొత్తగా వచ్చిన చిగురు కొనలోనే పుడుతుంది. పాతకొమ్మ ఎంత పొడవు సాగినా దానివల్ల ప్రయోజనం లేదు. అందుకే తమిళనాడు రైతులు నవంబరు చివరినుంచి నీళ్ళు తగ్గించి, పొదను నేలనుంచి మూరెడెత్తున, అంటే సుమారు 45 నుంచి 50 సెంటీమీటర్ల దగ్గర కత్తిరించివేస్తారు. చూసేవారికి మొక్కను చంపేశారనిపిస్తుంది. తరువాత ఎరువు వేసి నీళ్ళు పెడితే ఫాల్గుణం నాటికి కొత్త చిగుళ్ళు, వాటి కొనల్లో మొగ్గలు కనబడతాయి. ఇంటిలో ఒక్క మొక్కనే పెంచేవారికి కత్తెర పెట్టడానికి చేయి రాదు. అలా చేయి రాకపోవడంవల్లనే ఎన్నో ఇళ్ళలో మల్లెపొదలు పూయకుండా ముసలివైపోతున్నాయి.

మల్లెలో మరొక గుణం ఉంది. మొగ్గగా కోసిన తరువాత కూడా అది బ్రతికున్నట్లే పనిచేస్తూ, సాయంత్రం విచ్చుకొని కొత్త పరిమళాన్ని తయారుచేస్తూ ఉంటుంది. తెల్లవారకముందే కోసిన మొగ్గలు దూరప్రాంతాలకు ప్రయాణం చేసి, అక్కడ మాలలో విచ్చుకొని వాసన వేయడానికి కారణం ఇదే. నేలసంపెంగకూ ఈ గుణం ఉంది. గులాబికి లేదు. గులాబి తన పరిమళాన్ని కోసేవేళకే సిద్ధంచేసుకొని ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ అది ఎగిరిపోతుంది. అందుకే ఉత్తరప్రదేశ్‌లోని కన్నోజు అత్తరు కార్ఖానాలకు గులాబీలను పొద్దెక్కకముందే కోసి చేరవేస్తారు.

రంగుకు, పరిమళానికి మధ్య ఉన్న పోటీ బాగా కనబడేది గులాబిలోనే. తమిళనాడు సరిహద్దులోని హోసూరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండడంవల్ల అక్కడ గులాబీలు బాగా పెరుగుతాయి. పాలిథీన్ కప్పుల కింద పెంచిన పొడవుకాడల గులాబీలు అక్కడినుంచి విదేశాలకు కూడా వెళ్తాయి. వాటి రంగు, నిలువు చూడముచ్చటగా ఉంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిరాశే. కాడ నిటారుగా ఉండాలి, పెట్టెలో నలగకూడదు, నీటిలో ఉంచితే పదిరోజులు వాడకూడదు అన్న గుణాలకోసం ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచిన రకాలవి. పరిమళాన్ని అడిగినవారు లేకపోవడంతో అది జారిపోయింది. 2015లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఒక వాసనగల గులాబిని, మరొక వాసనలేని గులాబిని పక్కపక్కన ఉంచి పరీక్షించి, పరిమళం తయారీకి తోడ్పడే ఒక ఎంజైమును గుర్తించారు. వాసనలేని రకంలో ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువు దాదాపు పనిచేయడం లేదని తేలింది.

ఇంటికి గులాబి కావాలనుకొన్నవారు పూలదుకాణంలోని గులాబిని నమూనాగా తీసుకోరాదు. పన్నీరు గులాబి రేకులు వదులుగా ఉంటాయి, కోసిన రోజు సాయంత్రానికే రాలిపోతాయి, రంగు వెలిసినట్లుంటుంది. అయినా తోటలో దాని దగ్గరకు వెళ్ళినవారు మరొకసారి వంగి వాసన చూడకుండా కదలరు. అంటుకట్టిన గులాబి కొన్నప్పుడు మరొక జాగ్రత్త అవసరం. నర్సరీలో గట్టి నాటురకం వేరుమీద మంచిరకం కొమ్మను అతికిస్తారు. అతుకు కిందినుంచి వచ్చే చిగురు నాటురకానిది. అది బలంగా పెరుగుతుంది కనుక ఇంటివారు సంతోషపడి దాన్నే పోషిస్తారు. ఏడాది తిరిగేసరికి మంచిరకం కొమ్మ ఎండిపోయి, ‘కొన్న పువ్వు వేరు, పూసిన పువ్వు వేరు’ అని నర్సరీవారిని నిందిస్తారు. అతుకు కిందినుంచి పుట్టిన ప్రతి చిగురునూ ఎప్పటికప్పుడు గిల్లివేయాలి.

నేలసంపెంగలో ఈ పోటీ ఒకే జాతిలో రెండు రూపాలుగా ఉంటుంది. ఒంటివరుస రేకుల రకానికి పరిమళం ఎక్కువ. సుగంధతైలం తీయడానికి దాన్నే వాడతారు. ముద్దరకం నిండుగా, అందంగా ఉండి పూలజాడీలకు పనికివస్తుంది గాని వాసనలో మొదటిదానికి దిగదుడుపే. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ‘శృంగార్’ పేరుతో ఒంటివరుస రకాన్ని, ‘సువాసిని’ పేరుతో ముద్దరకాన్ని రూపొందించింది. దుంపలు కొనేటప్పుడు ఏది కావాలో చెప్పి అడగాలి.

ఇక కేవలం కనువిందు కోసం పెంచే మొక్కలు. వీటిలో కాగితంపువ్వు మొండిది. దాని రంగు పువ్వుది కాదు. రంగురంగుల కాగితాల్లా కనబడేవి రూపు మారిన ఆకులు. వాటి మధ్య ఉన్న చిన్న తెల్లని గొట్టమే అసలు పువ్వు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్కను 1767లో బ్రెజిల్‌లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కామర్సన్ చూశాడు. తన ఓడల నాయకుడు బోగన్‌విల్ పేరు దానికి పెట్టాడు. ఆ ఓడలో కామర్సన్‌కు సహాయకురాలిగా జాన్ బారే అనే స్త్రీ పురుషవేషంలో ప్రయాణించింది. భూమిని చుట్టివచ్చిన తొలి మహిళగా ఆమె పేరు చరిత్రలో నిలిచింది. కాగితంపువ్వుకు ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసేవారికి ఆకులే మిగులుతాయి. కొంతకాలం ఎండగట్టితేనే అది విరగబూస్తుంది. షోలాపూరు, బళ్ళారి వంటి మెట్టప్రాంతాలలో అది అంత బాగా పూయడానికి కారణం అదే.

చామంతిది మరొక పద్ధతి. రాత్రులు పొడవైనప్పుడే అది మొగ్గ తొడుగుతుంది. మొక్కలు రాత్రి, పగళ్ళ నిడివిని గుర్తిస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వీధిదీపం కింద కుండీ పెట్టి, ‘ఎరువు వేసినా చామంతి పూయలేదు’ అని వాపోయేవారు కుండీని చీకటి మూలకు జరిపి చూడాలి. కనకాంబరానికి ఇన్ని నియమాలు లేవు. సగం నీడలోనైనా పూస్తుంది. ఎండ తక్కువగా తగిలే బాల్కనీ ఉన్న నగరపు ఇళ్ళకు అది చక్కని మొక్క. కుండీలలో పెంచేవారు కింది పళ్ళెంలో నీరు నిలవకుండా చూడాలి. డెంగీ జ్వరాన్ని మోసే దోమ గుడ్లు పెట్టడానికి ఆ కాస్త నీరు చాలు.

చెట్టు విషయంలో తొందరపాటు పనికిరాదు. సింహాచలం సంపెంగల పేరు తెలుగునాట అందరికీ తెలిసిందే. ఆ పేరు విని విత్తనం నాటినవారు మొదటి పువ్వుకోసం ఎనిమిది, పదేళ్ళు ఎదురుచూడవలసి వస్తుంది. అంటుమొక్కైతే రెండు మూడేళ్ళలోనే పూస్తుంది. అయితే సంపెంగ పెద్దచెట్టు. గోడను ఆనుకొని నాటరాదు. తురాయి ఎర్రని గొడుగులా ఉంటుంది గాని దాని కొమ్మలు పెళుసు. బరంపురం, యానాం వంటి తీరప్రాంతాలలో తుఫాను వచ్చినప్పుడు ఇంటిపై విరిగిపడే ప్రమాదముంది. దాని స్థానం బడి ఆటస్థలం అంచున గాని పెంకుటింటి పక్కన కాదు. చిన్న పెరటికి పారిజాతం తగినది. ఎక్కువ ఎత్తు పెరగదు. తెల్లవారేసరికి పగడపురంగు కాడలతో నేలంతా పూలు పరుస్తుంది. గంజాం జిల్లా సముద్రతీరంలో పెరిగే మొగలి నుంచి సుగంధద్రవ్యం తీయడం అక్కడ పెద్ద వృత్తి. అంత పరిమళం ఉన్నా మొగలి ఇంటిమొక్క కాదు. ఆకు అంచుల నిండా ముళ్ళుంటాయి, పొద విపరీతంగా పెరుగుతుంది. పైగా ఘాటైన వాసన మగమొక్క పూలకే ఉంటుంది.

అందంతో మోసపోరాని మొక్క ఒకటుంది. గన్నేరు నీళ్ళు లేకపోయినా బ్రతుకుతుంది, ఏడాది పొడవునా పూస్తుంది, పశువులు దాని జోలికి రావు. రహదారుల మధ్య దాన్ని వరుసగా నాటేది ఇందుకే. పశువులు మేయకపోవడానికి కారణం దానిలోని విషం. ఆకు, పువ్వు, బెరడు, వేరు, పాలు అన్నీ విషమే. అది గుండె కొట్టుకోవడాన్ని తారుమారు చేస్తుంది. పచ్చగన్నేరు కాయలోని గింజ మరింత ప్రమాదకరం. పాకే పిల్లలున్న ఇంటిలో ఈ రెండింటినీ చేయి అందేచోట ఉంచరాదు. వాటి పుల్లలను వంటచెరకుగాగాని, పళ్ళుతోమే పుల్లగాగాని వాడరాదు. ఎవరైనా పొరపాటున తింటే ఇంటివైద్యంతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తెలుగునాటికి వెలుపల నివసించేవారికి మొక్కను కొనడంలో మరొక చిక్కు ఉంది. పేరు ఒకటే, పువ్వు వేరు. తమిళనాడులో ‘సంపంగి’ కావాలని అడిగితే దుకాణదారు నేలసంపెంగ దుంపలు చేతిలో పెడతాడు. చెట్టుసంపెంగ కావాలంటే ‘షెణ్బగం’ అనాలి. కన్నడంలో ‘సంపిగె’ అంటే చెట్టుసంపెంగే. మహారాష్ట్రలో ‘చాఫా’ అంటే సాధారణంగా దేవగన్నేరు ఇస్తారు. సంపెంగ కావాలంటే ‘సోనచాఫా’ అని చెప్పాలి. నేలసంపెంగ అక్కడ ‘నిశిగంధ’, ఒడిశాలో ‘రజనీగంధ’, కర్ణాటకలో ‘సుగంధరాజ’. తెలుగు బజారులో దాన్నే చాలామంది లిల్లీ అంటారు. ఒడియాలో ‘మందార’ అంటే మందారమే. తమిళంలో ‘మందారై’ అంటే దేవకాంచనం. మందారానికి అక్కడి మాట ‘సెంబరుత్తి’. కనకాంబరం తమిళంలోనూ కన్నడంలోనూ ఇంచుమించు ఆ పేరుతోనే ఉండగా, మరాఠీలో ‘అబోలీ’ అయింది. పారిజాతం తమిళంలో ‘పవళమల్లి’, అంటే పగడపు మల్లె. దాని ఎర్రని కాడను చూసి పెట్టిన ఆ పేరు తెలుగు పేరుకంటె పువ్వుకు దగ్గరగా ఉందనిపిస్తుంది. ఇంటిలో పెద్దలు వాడే తెలుగు పేరు, ఊరి అంగడిలో వాడే పేరు రెండూ తెలిసిన పిల్లలను నర్సరీకి వెంట తీసుకువెళ్ళడం అన్నివిధాల మేలు.

అసలు నర్సరీకే పోనవసరం లేని మార్గం కూడా ఉంది. మల్లె సాధారణంగా విత్తనంతో పెరగదు. వానాకాలం మొదట్లో పొదలోని కింది కొమ్మను నేలకు వంచి, ఒక కణుపు దగ్గర బెరడును కొద్దిగా చెక్కి, ఆ భాగాన్ని మట్టిలో పాతి పైన రాయి పెట్టాలి. కొమ్మ కొన బయటే ఉండాలి. దీన్ని నేలంటు తొక్కడం అంటారు. మట్టి ఆరిపోకుండా చూస్తే రెండు మూడు నెలల్లో అక్కడ వేళ్ళు పుడతాయి. అప్పుడు తల్లిపొదనుంచి కత్తిరించి వేరేచోట నాటుకోవచ్చు. ఇలా వచ్చిన మొక్క అచ్చంగా తల్లిపొదలాగే పూస్తుంది. పొరుగింటి గుండుమల్లె వాసన నచ్చినవారు ఆ పొద ఎండలో ఉందా నీడలో ఉందా, ఏ నెలలో కత్తిరిస్తున్నారు అని అడిగి తెలుసుకొని, మొదటి వాన పడగానే ఒక కొమ్మను నేలంటు తొక్కనివ్వమని అడగవచ్చు.